కుర్చీలు లేచినంత భయం డ్రోన్ ఎగిరితే రాలేదెందుకు?

ప్రశ్న: 1982 నాటి ‘పోల్టర్‌గైస్ట్’ అనే అమెరికన్ దయ్యాల సినిమాను చిన్నప్పుడు వీడియో క్యాసెట్‌లో చూసి, చాలా రోజులు టీవీ ఉన్న గదిలో పడుకోలేకపోయాను. కిందటి వారం 2015లో మళ్లీ తీసిన సినిమాను మా అబ్బాయితో కలిసి చూస్తే ఇద్దరికీ భయమే వేయలేదు. ఇది నా వయసు వల్లనా, సినిమా లోపమా? వాడికి పాతది చూపించవచ్చా?
- ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వయసే కారణమైతే మీ అబ్బాయైనా భయపడి ఉండేవాడు కదండీ. లోపం సినిమాదే. టోబ్ హూపర్ దర్శకత్వం వహించిన పాత చిత్రం నిడివి 114 నిమిషాలు. గిల్ కెనాన్ తీసిన కొత్తది థియేటర్లలో 93 నిమిషాలే ఆడింది. రెండింటిలోనూ ఒక కుటుంబంలోని పాపను దయ్యాలు తమ లోకానికి లాక్కుపోతాయి. పాత సినిమాలో ఆ ఇంటి అల్లరి, అలవాట్లు మనవే అనిపించాకే కీడు మొదలవుతుంది. కొత్తదానిలో ఆ మనుషులు పరిచయమయ్యేలోపే పాప మాయమవుతుంది.

పాతదానిలో వంటగది సన్నివేశం మీకు గుర్తుండే ఉంటుంది. తల్లి కుర్చీలను బల్ల కిందికి సర్ది అలమర వైపు తిరుగుతుంది, కెమెరా ఆమె వెంటే వెళ్లి కొద్ది క్షణాల్లో వెనక్కి వస్తుంది, అప్పటికి కుర్చీలన్నీ బల్లమీద గోపురంలా పేర్చి ఉంటాయి. మధ్యలో కట్ లేదు. కెమెరా పక్కకు తిరిగినంతసేపట్లో సిబ్బంది ముందే పేర్చి ఉంచిన కుర్చీలను తెచ్చి అక్కడ పెట్టేశారు. ఇన్నేళ్ల తర్వాత చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అసలు దెబ్బ కథలోనే తగిలిందని నా అభిప్రాయం. పాత చిత్రంలో తండ్రి ఆ కాలనీ ఇళ్లను అమ్మే ఉద్యోగి. శ్మశానంలోని సమాధి రాళ్లను మాత్రమే తరలించి, శవాలను అలాగే వదిలి కంపెనీ ఇళ్లు కట్టిందని తెలిసినప్పుడు, తాను తిన్న అన్నమే అతణ్ణి నిలదీస్తుంది. కొత్త చిత్రంలో తండ్రి ఉద్యోగం పోయి ఆ ఇంటికి వచ్చినవాడు, జాలిపడదగినవాడే గాని పాపంలో అతనికి భాగం లేదు. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట కెంపేగౌడ బస్టాండు, సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ స్టేడియం లేచిన ఊళ్లో ఉంటున్న మీకు, కాళ్ల కింద ఏముందో అడగకుండా స్థలం కొనడం ఎలాంటిదో నేను చెప్పనక్కర్లేదు.

ఇక పాప చిక్కుకున్న ఆ లోకం. పాత సినిమాలో తల్లి నడుముకు తాడు కట్టుకొని లోపలికి వెళుతుంది, మనం మాత్రం తాడు పట్టుకున్న తండ్రితో బయటే మిగిలిపోతాం. కొత్త సినిమాలో ఒక బొమ్మ డ్రోన్‌ను లోపలికి పంపి, మెలికలు తిరుగుతున్న శరీరాలతో సహా అంతా చూపించేశారు. చూపించాక అదొక గ్రాఫిక్స్ దృశ్యమే అయింది. టీవీ సంగతీ అంతే: రాత్రి ప్రసారాలు ముగిశాక బుసబుసమంటూ చుక్కలు కదిలే తెరకు చెయ్యి ఆనించిన పసిపిల్లను చూసి దూరదర్శన్ కాలంవాళ్లం వణికాం, ఎందుకంటే ఆ చుక్కలు మన ఇళ్లలోనూ ఉండేవి; ఇప్పటి పిల్లలు వాటిని ఎరగరు.

పాతది మీ అబ్బాయికి తప్పక చూపించండి, అయితే పక్కనే కూర్చోండి. అమెరికాలో దానికి పీజీ (పెద్దల మార్గదర్శనంలో పిల్లలు చూడవచ్చనే) రేటింగే ఇచ్చినా, అద్దం ముందు ఒకతను తన ముఖం తానే పీక్కునే దృశ్యం పిల్లలకు ఎక్కువే. అది రాగానే ముందుకు జరిపేయండి. వంటగది సన్నివేశం దగ్గర మాత్రం ఏమీ చెప్పకుండా వాణ్ణి చూడనివ్వండి.