మబ్బు దూరంగా ఉన్నప్పుడే ఆగండి

చిన్నా,

మీరు ఎనిమిది మందీ కలిసి మైదానాల మీదుగా అంత దూరం బైకుల మీద వెళ్తున్నారని తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన ప్లాన్ మొత్తం చదివాను. ఏ రోజు ఎంత దూరం, రాత్రి బస ఎక్కడ, అన్నీ రాసుకున్నారు. దారిలో ఆగాల్సి వస్తే ఆ మాట ఎవరు చెప్పాలో మాత్రం రాసుకోలేదు. ముందు దాని సంగతి తేల్చుకోండి.

ఒంటరిగా వెళ్లేవాడు చలేస్తే ఆగుతాడు, నిద్రొస్తే ఆగుతాడు. గుంపులో ఉన్నవాడు మొహమాటపడతాడు. అందరూ బాగానే ఉన్నారు కదా, నా ఒక్కడి కోసం ఎందుకులే అనుకుంటాడు. వాడి వెనకున్నవాడూ అదే అనుకుంటూ ఉంటాడు. అందుకే బయల్దేరే ముందే కూర్చుని మాట అనుకోండి. ఎవరు ఆగుదామన్నా ఆగాలి. ఎందుకని నిలదీయకూడదు, సాయంత్రం దాన్ని పట్టుకుని ఆటపట్టించకూడదు. ఏడుగురు వెళ్దామని ఒక్కరు వద్దంటే ఆ ఒక్కరి మాటే చెల్లాలి. ఇందులో నేను పట్టుదలగా ఉంటాను, మిగతా సలహాల్లో మీకు నచ్చినవి తీసుకోండి.

ఎనిమిది బైకులు ఒకే వరసలో వద్దు. నలుగురేసి రెండు జట్లుగా వెళ్లండి. ప్రతి జట్టుకూ ముందు దారి చూపే లీడ్ ఒకడు, చివర ఎవరూ వెనకబడిపోకుండా చూసుకునే స్వీప్ ఒకడు. స్వీప్ అనుభవం ఉన్నవాడై ఉండాలి. కొత్తగా నేర్చుకున్నవాణ్ణి, చిన్న ఇంజన్ బైకున్నవాణ్ణి లీడ్ వెనకాలే పెట్టండి. ముందువాడు కాస్త వేగం పెంచితే ఆ తేడా వెనక్కి వెళ్లేకొద్దీ పెరుగుతుంది, చివరివాడు అందుకోవడానికి ఒళ్లు తెలియకుండా తోలాల్సి వస్తుంది. ఎవరికి వారు అద్దంలో తమ వెనకవాణ్ణి చూసుకుంటూ ఉండాలి. వాడు కనబడకపోతే వేగం తగ్గించాలి. అది చూసి ముందువాడూ తగ్గిస్తాడు, అలా కబురు లీడ్ దాకా చేరుతుంది. మలుపు తిరగాల్సిన చోట వెనకవాడు నిన్ను చూశాడని రూఢి అయ్యాకే కదులు.

గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు 25 మీటర్లు దాటిపోతాం. రోడ్డు పొడిగా ఉన్నప్పుడు లేన్‌లో ఒకరు ఎడమ వైపు, తర్వాతివారు కుడి వైపు ఉండేలా సర్దుకుని, మీకు నేరుగా ముందున్న బైకుకి కనీసం రెండు సెకన్ల దూరం, అంటే 50 మీటర్లు వదలండి. వాన పడితే ఒకరి వెనక ఒకరుగా మారిపోయి ఆ దూరాన్ని రెట్టింపు చెయ్యండి. పక్కపక్కన ఎప్పుడూ వద్దు. గాలి ఒక్కసారి తోస్తే తప్పుకోవడానికి చోటుండదు.

ఇక వాతావరణం. మైదానంలో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, వచ్చేది చాలా ముందుగానే కనబడుతుంది. నల్లటి మబ్బు, దాని కింద నేల దాకా వేలాడే బూడిదరంగు వానతెర, అన్నీ కళ్లెదుటే ఉంటాయి. చూస్తూ కూడా, ఇంకో ఊరు దాటేద్దాం అనిపిస్తుంది. అలా చెయ్యకుండా, మబ్బు వచ్చేలోపు దొరికే ఆ వ్యవధిని వాడుకోండి. వానతెర ఇంకా దూరంగా ఉన్నప్పుడే ఆగి రెయిన్‌సూట్ వేసుకోండి. ప్యాంటు అంచు బూటు మీదకి, జాకెట్ చెయ్యి గ్లవ్ మీదకి రావాలి. లేకపోతే నీళ్లు కారి లోపలికే చేరతాయి. వాన మొదలయ్యాక రోడ్డు పక్కన ఒంటికాలి మీద గెంతుతూ వేసుకోవడం ప్రమాదం, అప్పటికే సగం తడిసిపోయి ఉంటారు.

ఉక్కగా ఉన్న గాలి ఉన్నట్టుండి చల్లబడి ఎదురుగా దుమ్ము లేచిందంటే, మబ్బులోంచి కిందికి దిగిన గాలి మిమ్మల్ని అందుకుందన్నమాట. అప్పటికి చినుకు పడకపోయినా పెద్ద ఈదురుగాలి దాని వెంటే ఉండొచ్చు. ఎక్కడ ఆశ్రయముంటే అక్కడ ఆగిపోండి.

హెల్మెట్‌లో గాలి హోరుకి ఉరుము వినబడదు. కాబట్టి మెరుపు కనబడితే ఆగి, ఇంజన్ ఆపి, ఉరుము దాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపే వినబడితే పిడుగు 10 కిలోమీటర్ల లోపే పడుతోంది. గోడలూ పైకప్పూ ఉన్న భవనంలోకి వెళ్లిపోవాలి, చివరి ఉరుము విన్నాక మరో 30 నిమిషాలు కదలకూడదు. బైకు టైర్లు రబ్బరువి కదా, పిడుగు ఏం చేస్తుందిలే అని కొందరంటారు. నమ్మకు. పైకప్పున్న కారు కాపాడుతుంది, బైకు కాపాడదు. బయలు నడుమ ఒంటరి చెట్టు కిందకి ఎట్టి పరిస్థితుల్లోనూ పోవద్దు. వంతెన కింద రోడ్డు అంచున గుంపుగా నిలబడటమూ మంచిది కాదు, వానలో ముందు సరిగా కనబడని బండి వచ్చి గుద్దేది అక్కడే.

వాన పడ్డ మొదటి పావుగంట రోడ్డు బాగా జారుతుంది. ఎన్నాళ్లుగానో పేరుకున్న నూనె, దుమ్ము నీళ్లతో కలిసి పైకి తేలుతాయి. రోడ్డు మీద తెల్లగీతలు, ఇనప పలకలు అంతకంటే నున్నగా ఉంటాయి. వాటి మీద బ్రేకు వెయ్యొద్దు, బైకు వంచొద్దు.

పక్కగాలిలో హ్యాండిల్ బిగబట్టి పోట్లాడితే బైకు ఇంకా ఊగుతుంది. మోకాళ్లతో ట్యాంకుని అదిమి చేతులు వదులుగా ఉంచు. పెద్ద లారీని దాటేటప్పుడు దాని చాటున గాలి ఆగిపోతుంది, చాటు దాటగానే ఒక్కసారిగా వచ్చి కొడుతుంది. ఆ దెబ్బకి ముందే సిద్ధపడి ఉండు. సామాను ఎత్తుగా కడితే గాలి దాన్నే పట్టుకుంటుంది, బరువైనవి కిందా మధ్యలోనూ కట్టండి.

చలి విషయంలో థర్మామీటర్‌ని చూసి ధీమాగా ఉండకండి. 10 డిగ్రీల్లో 90 వేగంతో పోతుంటే బయటున్న చర్మానికి అది 4 డిగ్రీల చలిలా తగులుతుంది, బట్టలు తడిస్తే ఇంకా ఘోరం. ఆగినప్పుడు ఒకరి చేతులు ఒకరు గమనించండి. హెల్మెట్ బకిల్ తీయలేక తడుముకుంటున్నా, అడిగినదానికి ముద్దముద్దగా, ఆలస్యంగా జవాబిస్తున్నా ఆ మనిషి ఇక నడపకూడదు. తాను బాగానే ఉన్నానని గట్టిగా వాదించేది కూడా వాడే. లోపలికి తీసుకెళ్లి, తడిబట్టలు మార్పించి, వెచ్చబడేదాకా కూర్చోబెట్టండి.

ఎండ దీనికి తిరగేసి మోసం చేస్తుంది. చెమట పట్టగానే గాలికి ఆరిపోతుంది కాబట్టి ఎంత నీరు పోయిందో తెలియదు. గాలి మన ఒంటి వేడిని మించి కాగినప్పుడు జాకెట్ జిప్పు తీస్తే చల్లబడకపోగా ఇంకా వేడెక్కుతాం. జిప్పు వేసుకునే ఉంచి, లోపలి బనియన్ తడిపి, ఆగిన ప్రతిసారీ దాహం లేకపోయినా నీళ్లు తాగండి.

మైదానంలో తిన్నని రోడ్డు నిద్ర తెప్పిస్తుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే 90 వేగంలో 100 మీటర్లు దాటేస్తావు. గంటన్నరకొకసారి ఎలాగైనా ఆగండి. ఎదురుగాలిలో పెట్రోలు అనుకున్నదానికంటే ముందే అయిపోతుంది కాబట్టి, అందరిలోకీ చిన్న ట్యాంకు ఎవరిదో వాడి లెక్కే అందరి లెక్క. రోజు దూరాలు కూడా తగ్గించుకోండి, మధ్యలో ఒక రోజు ఖాళీగా వదలండి. ఆ రోజు చేతిలో ఉంటే ఆగుదామనడానికి ఎవరూ జంకరు.

తడిసిన రోజు సాయంత్రం చైన్ తుడిచి ఆయిల్ వెయ్యడం మరవకు. టైర్లలో గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, సామాను బరువుకి మాన్యువల్ చెప్పినంత పెట్టించు. తిన్నని దారుల్లో టైరు నడిమి భాగమే అరిగి చదునైపోతుంది. బయల్దేరే లోపు నీ రెండు టైర్లూ దగ్గరగా ఫొటో తీసి పంపు, నేనూ ఒకసారి చూస్తాను.

మీ బాబాయ్