రెండు రకాల సానెట్లు ఎందుకు?

ప్రశ్న: సానెట్ అంటే 14 పాదాల కవితే కదా, మరి షేక్‌స్పియర్‌వి, మిల్టన్‌వి ఒకేలా ఎందుకుండవు?
– డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: తేడా అంతా ప్రాసల్లోనే, అంటే పాదాల చివర వచ్చే అంత్యప్రాసల్లోనే ఉందమ్మా. ఇటలీలో పెట్రార్క్ అనే కవి పద్ధతిలో మొదటి 8 పాదాలకు రెండే ప్రాసలు, తర్వాతి 6 పాదాల్లో ఆలోచన మలుపు తిరుగుతుంది. 16వ శతాబ్దంలో థామస్ వయట్ అనే ఇంగ్లీషు కవి దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు గానీ, ఇటాలియన్‌లో దొరికినన్ని ప్రాసలు ఇంగ్లీషులో దొరకవు, అందుకే సర్రే ప్రభువు హెన్రీ హోవర్డ్ వేర్వేరు ప్రాసలతో నాలుగేసి పాదాల భాగాలు మూడు, చివర రెండు పాదాల జంట ఒకటి అని సులువు చేశాడు. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ 154 సానెట్లలో దాదాపు అన్నీ ఇలాంటివే. మిల్టన్ మళ్లీ ఇటలీ దారే పట్టాడు. నాకైతే షేక్‌స్పియర్ చివరి రెండు పాదాలంటే ప్రాణం, అంతదాకా చెప్పినదాన్ని ఒక్కోసారి అక్కడే తిరగేస్తాడు! ప్రాసల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ పైకి చదువు, పరీక్ష టెన్షన్ కూడా తగ్గుతుంది.