మూడు రోజుల టికెట్, నాలుగు నిమిషాల కారు

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. వాడికి ఫార్ములా వన్ పిచ్చి. సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఈసారి రేసుకి మా ముగ్గురికీ మూడు రోజుల టికెట్లు కొంటానంటోంది. నాకు రేసుల్లో ఓనమాలు తెలియవు. మూడు రోజులూ ఏం చూస్తాం? అంత డబ్బు పోసి వెళ్తే సరిగ్గా కనిపిస్తుందా? చెవులు పోతాయని మా ఆడపడుచు ఒకటే భయపెడుతోంది.
— ఓ అమ్మ, ఒంగోలు

జవాబు: చెల్లెమ్మా, చేదు మాట ముందే చెప్పేస్తాను. రేసు బాగా కనిపించేది మీ ఇంట్లో టీవీలోనే. సింగపూర్ ట్రాక్ ఒక చుట్టు దాదాపు 5 కిలోమీటర్లు. ఆదివారం 62 చుట్లు తిరుగుతారు. మీరు కూర్చున్న చోటి నుంచి ఒక కారు చుట్టుకి ఓ నాలుగు సెకన్లు కనిపిస్తుందనుకోండి, రేసు మొత్తమ్మీద మీ అబ్బాయి, డ్రైవరు హామిల్టన్‌ని చూసేది అటూ ఇటూగా నాలుగు నిమిషాలు. ఈ లెక్క వాడికి ఇప్పుడే చెప్పకండి.

నా అనుభవమే చెప్తాను. 2017లో నా సీటు పడాంగ్ మైదానం వైపు. సరిగ్గా రేసు మొదలయ్యే ముందు వాన పడింది. ఐదు ఎర్ర లైట్లు ఆరాయి, ఇంజిన్లు ఒక్కసారిగా అరిచాయి, ఆ వెంటనే దూరం నుంచి వేలమంది "అబ్బా" అన్నట్టు ఒక శబ్దం. ఏమైందో మా స్టాండులో ఎవరికీ అర్థం కాలేదు. నెల్లూరులో టీవీ ముందు కూర్చున్న మా ఆవిడ వాట్సాప్‌లో పెట్టింది: "రెండు ఫెరారీ కార్లూ గుద్దుకుని పోయాయి, వెర్‌స్టాపెన్ కూడా. మీరు చూశారా?" విమానం ఎక్కి అంత దూరం వెళ్ళినవాణ్ణి నేను, చూసింది తను. అందుకే సీటు ఎంచుకునేటప్పుడు ట్రాక్ ఎంత దగ్గర అన్నది రెండోమాట. ఎదురుగా పెద్ద తెర ఉందా లేదా అన్నది మొదటిమాట. నాకు అమ్మిన ఏజెంటు "ట్రాక్ పక్కనే సార్" అన్నాడు. అబద్ధం కాదు, పక్కనే. కంచె స్తంభం కూడా నా ముక్కు పక్కనే. తెర మాత్రం చెట్టు వెనక.

మరి ఎందుకు వెళ్ళాలంటారా? టీవీలో రానివి ఉన్నాయి కనక. నన్నడిగితే ఆదివారం కంటే శుక్రవారమే రుచి. ఆ రోజు ప్రాక్టీసు మాత్రమే, జనం పల్చగా ఉంటారు, ఎవరు గెలుస్తారన్న టెన్షన్ ఉండదు. ఆ శుక్రవారం నేను సీటు వదిలేసి, కార్లు బ్రేకు కొట్టే ఒక మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాను. సూటిగా ఉన్న రోడ్డు మీద కారు గంటకి 300 కిలోమీటర్లు దాటి పోతుంది, మీకు "జుయ్" అనే మోత తప్ప ఏమీ మిగలదు. మలుపు దగ్గర అలా కాదు. చీకట్లో చక్రం లోపలి బ్రేకు పళ్ళెం విసనకర్ర తగిలిన కుంపటిలో బొగ్గులా ఎర్రగా మండి, కారు తిరిగేలోపే నల్లబడుతుంది. డ్రైవరు తల ఒక్కసారి ముందుకి ఊగి ఆగుతుంది. వెనకాలే కాలిన రబ్బరు వాసన. గంటసేపు అదే చూశాను, విసుగు పుట్టలేదు. టికెట్లలో కుర్చీ ఉన్నవీ, కుర్చీ లేకుండా నడుస్తూ చూసేవీ ఉంటాయి. మీకు మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీదే తీసుకోండి, పిల్లలిద్దరినీ మాత్రం శుక్రవారం తిరగనివ్వండి.

శనివారం పొద్దుపోయాక క్వాలిఫయింగ్. రేపు ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే పరీక్ష. మూడు విడతలు, విడతకి కొందరు బయటికి. రేసు అర్థం కానివాళ్ళకి కూడా ఇది అర్థమవుతుంది, ఎందుకంటే గడియారమే ప్రత్యర్థి. ఒక్క సంగతి: కొన్ని పోటీల్లో శనివారం స్ప్రింట్ అని ఒక పొట్టి రేసు కూడా పెడతారు. అప్పుడు శుక్రవారం ఒకే ప్రాక్టీసు మిగులుతుంది. మీరు వెళ్ళే ఏడాది ఎలా ఉందో అమ్మాయిని చూడమనండి. అసలు కార్లు లేని సమయంలో పోర్షే కార్ల లాంటి చిన్న రేసులుంటాయి. వాటిని ఖాళీ టైము అనుకుని తిండికి పోకండి, ఒకరినొకరు రాసుకునేది ఎక్కువగా అక్కడే.

ఇక చెవులు. మీ ఆడపడుచుగారు చెప్పింది ఒకప్పుడు అక్షరాలా నిజం. 2011లో గ్రేటర్ నోయిడాలో మన దేశంలో మొదటి ఫార్ములా వన్ రేసు జరిగినప్పుడు అవి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లు. పక్కన ఉన్నవాడి మాట కాదు, నా ఆలోచన నాకే వినపడలేదు. 2014 నుంచి పెట్రోలుకి కరెంటు తోడైన టర్బో హైబ్రిడ్ ఇంజిన్లు వచ్చాక మోత తగ్గింది. అయినా చెవిలో పెట్టుకునే నురగ బిళ్ళలు తీసుకెళ్ళండి. 2023 ఫిబ్రవరిలో మన నెక్లెస్ రోడ్డు మీద జరిగిన ఫార్ములా ఈ చూసి ఉంటే మాత్రం దాంతో పోల్చుకోకండి. అవి కరెంటు కార్లు. పక్కింట్లో మిక్సీ వేసినట్టు ఉంటుంది. మా ఆవిడ ఆ రోజు హుస్సేన్ సాగర్ ఒడ్డున కూర్చుని ఫోన్లో వాళ్ళ అక్కతో మాట్లాడుకుంది కూడా.

ఉక్క సంగతి ఒంగోలువాళ్ళకి నేను చెప్పాలా! రాత్రి రేసు కదా, చల్లగా ఉంటుందనుకోకండి. డ్రైవర్లే రేసులో రెండు మూడు కిలోల బరువు చెమటలో పోగొట్టుకుంటారు. 2025లో అయితే రేసుకి ముందే అక్కడ వేడి ప్రమాదం అని అధికారికంగా ప్రకటించారు, ఫార్ములా వన్‌లో అలా ప్రకటించడం అదే మొదటిసారి. నూలు బట్టలు, పాత చెప్పులు కాకుండా కాళ్ళకి అలవాటైన బూట్లు, వానకి ప్లాస్టిక్ కోటు. గొడుగు విప్పితే వెనకవాళ్ళు ఊరుకోరు. లోపల భోజనం ఖరీదు, శాకాహారం వెతుక్కోవాలి. లిటిల్ ఇండియాలో కడుపునిండా భోంచేసి, అక్కడే మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ప్రోమెనేడ్. దిగి నడవడమే. బయటినుంచి ఏం తేవచ్చో, ఏం తేకూడదో టికెట్‌తో పాటు పంపిస్తారు, పచ్చళ్ళ సీసా సర్దేముందు అది చదవండి.

ఆదివారం రేసు అయిపోయిందని జెండా ఊపగానే లేచి మెట్రోకి పరిగెత్తకండి. కాసేపటికి గేట్లు తీసి జనాన్ని ట్రాక్ మీదికి వదులుతారు. తారు ఇంకా వెచ్చగా ఉంటుంది. అంచుల్లో టైర్ల నుంచి ఊడిన రబ్బరు ఉండలు కనిపిస్తాయి, అచ్చం మేక పెంటికల్లా. మీ అబ్బాయి అవి ఏరి జేబులో వేసుకుంటే తిట్టకండి. నా బీరువాలోనూ ఒక డబ్బా ఉంది. మా ఆవిడ రెండుసార్లు పారెయ్యబోయింది. ఆ జనంలో ముగ్గురూ విడిపోతే ఎక్కడ కలవాలో పొద్దున్నే అనుకోండి, ఫోన్లని నమ్ముకోవద్దు. నేను మా బావమరిది కోసం వేరే గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాను.

ప్రశ్న: ట్రాక్ పక్కన నారింజ రంగు బట్టల్లో నిలబడి జెండాలు ఊపేవాళ్ళకి జీతమెంత సార్?
— ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: చాలామందికి జీతమే ఉండదు బాబూ. వాళ్ళు మార్షల్స్, ఎక్కువగా నాలాంటి స్వచ్ఛంద పిచ్చివాళ్ళు. నేను చెన్నై దగ్గర కొన్నేళ్ళు చేశాను. తెల్లారకముందే మన పోస్టుకి చేరాలి, సాయంత్రం దాకా కదలకూడదు. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం ఉంది, మెల్లగా రా. నీలం అంటే వెనక వేగంగా వచ్చేవాడికి దారి వదులు. చెయ్యి నొప్పి పుట్టేది నీలానికే. దారి వదలనివాడి మీద కోపం ఎంత వస్తుందో, ఆర్టీసీ డ్రైవర్లనడుగు, చెప్తారు.

ప్రశ్న: అంకుల్, సింగపూర్ వెళ్ళేంత స్తోమత మాకు లేదు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. దగ్గర్లో నిజమైన రేసు చూసే దారి ఉందా?
— ఓ కుర్రాడు, తిరుపతి

జవాబు: నీకంటే దగ్గర ఎవరున్నారయ్యా! పుత్తూరు, తిరువళ్ళూరు మీదుగా శ్రీపెరంబుదూరు వెళ్ళు. ఆ పక్కనే, చెన్నై–బెంగళూరు హైవే మీద ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ట్రాక్ ఉంది. 1990లో తెరిచారు, చుట్టు 3.7 కిలోమీటర్లు. జాతీయ మోటార్‌సైకిల్ పోటీలు, కార్ల పోటీలు అక్కడ జరుగుతాయి. సింగపూర్‌లో లేనిది ఇక్కడుంది: బండి దగ్గరికి పోవచ్చు. నీ వయసు కుర్రాడు బైకు మీదనుంచి దిగి, హెల్మెట్ తీసి, మెకానిక్‌తో తమిళంలో "వెనక చక్రం జారుతోందన్నా" అని వాదులాడుతుంటే నువ్వు రెండు గజాల దూరంలో నిలబడి వినొచ్చు.

ఆ ట్రాక్ రాకముందు రేసులు షోలవరంలో, పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. అది నెల్లూరు నుంచి మద్రాసు వెళ్ళే రోడ్డులోనే. మా నాన్న యెజ్డీ వెనక కూర్చుని వెళ్ళాను, అప్పుడు తొమ్మిదో తరగతి. ఏ బండి గెలిచిందో గుర్తులేదు. ఇంజిన్‌ ఆయిల్లో కలిసిన ఆముదం కాలిన వాసన మాత్రం ఇంకా ముక్కులో ఉంది. ఇంట్లో అమ్మ తలకి రాస్తే పారిపోయే నేను, అక్కడ ఆ వాసన కోసం పొగ వెనకాల నిలబడ్డాను.

ఎప్పుడు రేసులున్నాయో, జనాన్ని లోపలికి వదులుతున్నారో లేదో నిర్వహించే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ ప్రకటనలు చూసుకుని బయల్దేరు. నీడ తక్కువ, టోపీ పెట్టుకో. పెరుగన్నం కట్టించుకో. తిరుగు బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టర్ని అడుగు, ఎందుకంటే ఆఖరి రేసు ఎప్పుడూ చెప్పిన టైముకి అవ్వదు.