చవక సన్‌స్క్రీన్ పిల్లల చర్మాన్ని కాపాడుతుందా?

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు, బాబుకు ఐదో నెల. సెలవుల్లో పాప ఆరుబయట ఈత కొలనుకు వెళ్తోంది. ఇంతవరకు పేరున్న కంపెనీ తయారు చేసే పిల్లల సన్‌స్క్రీన్ వాడాను. ఈమధ్య ఒక సూపర్‌మార్కెట్ తన సొంత పేరుతో అమ్ముతున్న సన్‌స్క్రీన్ చూశాను. రెండింటి మీదా ఎస్‌పీఎఫ్ 50 అనే ఉంది కానీ, దీని ధర దాని ధరలో మూడో వంతే. డబ్బు కలిసొస్తుందని చూసుకుంటే పాప చర్మానికి చేటు వస్తుందేమోనని మా అత్తగారూ నేనూ జంకుతున్నాం. పిల్లల కోసమని ప్రత్యేకంగా రాసి ఉన్నదే కొనాలా? బాబుకూ అదే రాయవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: ధర తక్కువ కాబట్టి రక్షణ కూడా తక్కువే ఉంటుందని మీరు భయపడనక్కరలేదు. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, ఎండలోని యూవీఏ అనే కిరణాల నుంచి కూడా రక్షణ ఇస్తుందని, నీటిలో కొంతసేపు నిలుస్తుందని సీసా మీద స్పష్టంగా రాసి ఉంటే, సూపర్‌మార్కెట్ సొంత బ్రాండును పాపకు నిశ్చింతగా వాడవచ్చు. అసలు తేడా సీసా దగ్గర కంటే, అందులోంచి ఎంత తీసి రాస్తున్నామన్న దగ్గరే ఎక్కువగా వస్తుంది. అందుకే ఆ విషయాన్ని కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

ఎస్‌పీఎఫ్ అనే అంకె కంపెనీ తనకు తోచినట్టు వేసుకునేది కాదు. ప్రయోగశాలలో కొందరు పెద్దవాళ్ల వీపు మీద ఒక్కో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున సన్‌స్క్రీన్ రాసి, సూర్యరశ్మిని పోలిన దీపం కింద ఉంచి, ఏమీ రాయని చర్మం కందడానికి పట్టిన మోతాదు కంటే రాసిన చర్మం కందడానికి ఎన్ని రెట్లు ఎక్కువ మోతాదు పట్టిందో చూసి ఆ అంకెను నిర్ణయిస్తారు. ఖరీదైన బ్రాండుకైనా, చవక బ్రాండుకైనా కొలమానం ఇదే. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది చర్మాన్ని కందించే కిరణాల్లో సుమారు 97 శాతాన్ని, 50 ఉన్నది సుమారు 98 శాతాన్ని అడ్డుకుంటాయి. కనుక 50 దాటిన అంకె కోసం ఎక్కువ ధర పెట్టడం వల్ల ఒరిగేది చాలా కొద్ది.

ఎస్‌పీఎఫ్ ప్రధానంగా చర్మాన్ని కందించే యూవీబీ కిరణాల సంగతే చెబుతుంది. చర్మం లోతుకు చొచ్చుకుపోయే యూవీఏ కిరణాల గురించి తెలుసుకోవాలంటే సీసా మీద వేరే గుర్తు వెతకాలి. యూరప్ పద్ధతిలో తయారైన వాటి మీద యూవీఏ అన్న అక్షరాలు ఒక వలయంలో ఉంటాయి. అందులోని యూవీఏ రక్షణ, ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని దాని అర్థం. అమెరికా పద్ధతిలో 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అని, జపాన్‌లో మొదలైన పద్ధతిలో పీఏ పక్కన ప్లస్ గుర్తులు వేసి చూపుతారు. ఈ గుర్తేదీ లేకుండా ఎస్‌పీఎఫ్ మాత్రమే ఉన్న సీసాను, అది ఎంత పేరున్న కంపెనీదైనా, పక్కన పెట్టేయండి.

సూపర్‌మార్కెట్లు సాధారణంగా సన్‌స్క్రీన్‌ను సొంతంగా తయారు చేయవు. అనేక బ్రాండ్లకు సరుకు అందించే ఫ్యాక్టరీలతోనే చేయించి తమ పేరు వేసుకుంటాయి. ప్రకటనల ఖర్చు ఉండదు కాబట్టి ధర తగ్గుతుంది. అలాగని ఖరీదైన వాటిలో ఏ ప్రత్యేకతా ఉండదని నేను అనను. కొన్నింటిలో ఎండకు త్వరగా విచ్ఛిన్నం కాని కొత్త రకం ఫిల్టర్లు, అంటే కిరణాలను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. జిడ్డు, తెల్లటి పూత, కళ్లలోకి కారితే పుట్టే మంట కూడా తక్కువగా ఉండవచ్చు. రాయబోతే పిల్ల ఏడ్చి పారిపోయేంత చికాకు పెట్టే సన్‌స్క్రీన్ ఎంత చవకైనా దండగే కనుక, పాప చర్మానికి, స్వభావానికి ఏది నప్పుతుందో ముందు చిన్న సీసా కొని చూసుకోవడం మంచిది.

ధర ఎక్కువైతే నాణ్యత దానంతటదే వస్తుందనుకోవడం కూడా సరికాదు. 2025లో ఆస్ట్రేలియాలోని చాయిస్ అనే వినియోగదారుల సంస్థ 20 సన్‌స్క్రీన్లను ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తే, వాటిలో 16 తమ మీద రాసుకున్న ఎస్‌పీఎఫ్‌ను అందుకోలేకపోయాయి. అన్నిటికంటే ఘోరంగా తేలినది 50 ప్లస్ అని చెప్పుకున్న ఖరీదైన బ్రాండే. దాని ఫలితం 4 దగ్గర ఆగిపోయింది, తర్వాత కంపెనీ దాన్ని అమ్మకం నుంచి తీసేసింది. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన భరోసా దొరకదు. స్వతంత్ర సంస్థల పరీక్షా ఫలితాలు దొరికితే, ప్రకటనల కంటే వాటినే నమ్మండి. సీసా మీది అంకె కొంత అటూ ఇటూ అయ్యే అవకాశం ఉంది కాబట్టే, పిల్లలకు 30 కంటే 50 కొనడం మేలని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి వద్దాం. పరీక్షలో రాసినంత మందంగా ఇళ్లలో ఎవరూ రాయరు. చాలామంది అందులో సగమో, పావు వంతో రాస్తారు. సగమే రాస్తే రక్షణ సగానికో అంతకంటే తక్కువకో పడిపోతుంది. మీ పాప బరువు 20 కిలోలు ఉంటే, ఆమె శరీర ఉపరితలం సుమారు 8,000 చదరపు సెంటీమీటర్లు. పరీక్షలోని లెక్క ప్రకారం ఒంటికంతా రాయడానికి 16 గ్రాములు, అంటే దాదాపు మూడు టీస్పూన్లు పడుతుంది. ఒక్క ఈత దుస్తులతో ఎండలో ఉండే పిల్లకు 50 మిల్లీలీటర్ల ట్యూబు మూడుసార్లు రాస్తే అయిపోవాలి. ఆ ట్యూబే మీకు నెలల తరబడి వస్తోందంటే, ఖరీదైనది కదా అని బొట్టు బొట్టుగా పొదుపు చేస్తున్నారన్నమాట. చేతికి అడ్డు లేకుండా రాయగలిగిన చవక సీసా, లెక్కపెట్టుకుంటూ రాసే ఖరీదైన సీసా కంటే పిల్లను బాగా కాపాడుతుంది. మీరు సూపర్‌మార్కెట్ బ్రాండుకు మారాలని నేను చెప్పడానికి ఇదే ముఖ్య కారణం.

ఎండలోకి వెళ్లడానికి పావుగంట ముందే, ఈత దుస్తులు వేయక ముందే రాయడం మొదలుపెట్టండి. చెవుల అంచులు, మెడ వెనుక భాగం, మోకాళ్ల వెనుక మడతలు, పాదాల పైభాగం, జడలు వేసినప్పుడు బయటపడే పాపిట తరచుగా మరిచిపోయే చోట్లు. ప్రతి రెండు గంటలకు ఒకసారి, కొలను నుంచి బయటకు వచ్చి తువ్వాలుతో తుడుచుకున్నాక వెంటనే మరొకసారి రాయాలి. నీటికి అసలు చెక్కుచెదరని సన్‌స్క్రీన్ లేదు. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో తెచ్చిన నిబంధనలు 'వాటర్‌ప్రూఫ్' అన్న మాట వాడకాన్నే నిషేధించి, నీటిలో 40 నిమిషాలు నిలుస్తుందో 80 నిమిషాలు నిలుస్తుందో చెప్పాలన్నాయి. పొడుగు చేతుల ఈత చొక్కా ఒకటి తొడిగితే రాయాల్సిన భాగం బాగా తగ్గుతుంది, అది మధ్యలో కరిగిపోదు కూడా.

పిల్లల కోసమని రాసి ఉన్నదే కొనాలన్న నియమమేమీ లేదు. బొమ్మలు వేసిన ఆ సీసాలకూ పెద్దవాళ్ల వాటికి పెట్టిన పరీక్షలే పెడతారు. సున్నితమైన చర్మమైతే సువాసన కలపనిదీ, జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నదీ ఎంచుకోండి. కొత్తది ఏదైనా ముంజేయి లోపలి వైపు కొద్దిగా రాసి, ఒక రోజు ఆగి, దద్దుర్లు రాకపోతే వాడండి. స్ప్రే రకం మాత్రం పిల్లలకు వద్దంటాను. అది గాలిలో కలిసి ముక్కులోకి పోతుంది, చర్మం మీద ఎంత పడిందో కంటికి తెలియదు.

బాబు సంగతి వేరు. ఆరు నెలలు నిండని పిల్లలకు సన్‌స్క్రీన్ మీద ఆధారపడకుండా, ఎండ తగలకుండా చూడడమే పద్ధతి. వాళ్ల చర్మం పలచన, ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ. బాబును నీడపట్టున ఉంచండి, ఒళ్లంతా కప్పే వదులైన నూలు బట్టలు, అంచు వెడల్పుగా ఉన్న టోపీ వేయండి. నీడ దొరకని పరిస్థితిలో ముఖానికి, చేతుల వెనుక వైపుకు కొద్దిగా రాయవచ్చని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది; మీరు మాత్రం మీ డాక్టరును ఒక మాట అడిగి రాయండి.

ప్రశ్న: పోయిన వేసవిలో కొన్న సీసాలో సగానికి పైగా మిగిలింది. ఈ ఏడాది వాడవచ్చా? – మరో పాఠకుడు

సమాధానం: గడువు తేదీ దాటకపోతే, తెరిచిన డబ్బా బొమ్మ పక్కన ముద్రించిన నెలలు కూడా దాటకపోతే వాడవచ్చు. 12 ఎం అని ఉంటే మూత తీసిన నాటి నుంచి పన్నెండు నెలలని అర్థం. అయితే, ఎండలో నిలిపిన కారులో ఆ సీసా రోజుల తరబడి ఉండిపోయిందేమో గుర్తు తెచ్చుకోండి. వేడికి సన్‌స్క్రీన్ పాడవుతుంది. అరచేతిలోకి తీసినప్పుడు నీరూ నూనే విడిపోయి కనిపించినా, గడ్డలు తగిలినా, వాసన మారినా, తేదీ ఎంత దూరంలో ఉన్నా పారేసి కొత్తది కొనండి.