ఓడ కథ తగ్గించి, పాట చెప్పు

ప్రియమైన తమ్మునికి,

మీ సంఘ మాసపత్రిక కోసం 'ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్' (నా ప్రాణానికి క్షేమమే) కీర్తన మీద నీవు రాసిన వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది. అయితే సగానికి పైగా ఓడ మునగడానికే వెచ్చించి, పాటను చివర్లో చూసీచూడనట్టు దాటేశావు. ఆ ప్రమాదం గురించి ఎవరు చెప్పినా వినేవారి కళ్లు చెమరుస్తాయి, అందుకు నీవు కష్టపడనక్కరలేదు. కష్టపడవలసింది పాట దగ్గర.

ఈ పాట రాసిన షికాగో న్యాయవాది హొరేషియో స్పాఫర్డ్ భార్య ఆనా, నలుగురు కుమార్తెలు ఎక్కిన విల్ ద్యు హావ్ర్ ఓడ 1873 నవంబరు 22న అట్లాంటిక్‌లో లాక్ ఎర్న్ అనే మరో ఓడను ఢీకొని నిమిషాల్లో మునిగిపోయిందనీ, 226 మంది మరణించారనీ, కార్డిఫ్ చేరిన ఆనా తానొక్కతే బ్రతికానని భర్తకు తంతి పంపిందనీ చెప్పడానికి ఒక్క పేరా చాలు. ఆ తండ్రి ఏం రాశాడో, ముఖ్యంగా ఏం రాయలేదో అప్పుడు చూడు. పాటలో ఓడ లేదు, కూతుళ్ల పేర్లు లేవు. దుఃఖాలు సముద్రపు కెరటాల్లా పొర్లి వచ్చినా అని మొదటి చరణంలో ఒక్కసారి అంటాడు, అదీ నదివంటి శాంతిసమాధానాన్ని తలచిన తరువాతే. అక్కడినుంచి సాతాను దాడి, సిలువ మీద తీరిపోయిన పాపభారం, ప్రభువు రాకడ వైపు సాగిపోతాడు. పిల్లలను పరలోకంలో మళ్లీ చూస్తానన్న మాట సైతం అనడు. అంత నిగ్రహం చూపాడు గనుకనే, సముద్రాన్ని ఎన్నడూ చూడని విధవరాలు కూడా ఈ పాటను తనదిగా పాడుకోగలుగుతోంది. చనిపోయిన కొడుకును మంచం మీద పడుకోబెట్టి బయలుదేరి, దారిలో ఎలీషా ప్రవక్త సేవకుడు గేహజీ క్షేమం అడిగితే సుఖంగా ఉన్నామని జవాబిచ్చిన బైబిల్లోని షూనేమీయురాలిని నీ పాఠకులకు గుర్తుచెయ్యి. ఎలీషా పాదాలు పట్టుకునేదాకా ఆమె మనసు విప్పలేదు.

కూతుళ్లు మునిగిన చోటికి తన ఓడ చేరినప్పుడే స్పాఫర్డ్ ఈ పాట రాశాడని ఖాయంగా చెప్పావు. ప్రమాదం తర్వాత పుట్టిన కుమార్తె బెర్తా చెప్పినది అదే. కానీ 1876లో షికాగోలో ఆయన ఇంట బసచేసిన గాయకుడు ఐరా శాంకీ, తాను అక్కడ ఉన్న రోజుల్లోనే ఈ పాట పుట్టిందని రాసుకున్నాడు. ఇద్దరి మాటలూ పాఠకుల ముందు పెట్టు. నాకు శాంకీ మాటే నమ్మదగినదిగా తోస్తుంది. అంతటి నిబ్బరానికి మూడేళ్లు పట్టి ఉంటుందని నా ఊహ, అంతకు మించి రుజువేమీ చూపలేను. పాట రాయకముందే ఒక కొడుకునూ పోగొట్టుకున్నాడని చాలామంది రాసినట్టే నీవూ రాశావు. ఆ పిల్లవాడు పుట్టిందే ఓడ ప్రమాదం తర్వాత, స్కార్లెట్ జ్వరంతో చనిపోయింది 1880లో. పాట రాశాక కూడా ఆ ఇంటికి దుఃఖం తప్పలేదన్న ఈ నిజం, నీవు రాసిన వరుసకంటే బరువైనది.

ఈ పాటకు రాగం కట్టిన ఫిలిప్ బ్లిస్‌ను ఒక్క వాక్యంతో సరిపెట్టడం మాత్రం అన్యాయం. రాగానికి ఆయన ఆ ఓడ పేరే పెట్టాడు. పల్లవిలో ఒక గుంపు పాడిన మాటను మరో గుంపు అందుకునేలా కట్టాడు, కాబట్టి సమాధి దగ్గర గొంతు పెగలక ఒకరు ఆగిపోయినా పక్కవారు ఆ మాటను ముందుకు తీసుకుపోతారు. ఓదార్పులో సగం ఆ కూర్పులోనే ఉందని నా అభిప్రాయం. పాట అచ్చయిన 1876లోనే, డిసెంబరు 29న, ఒహాయోలోని అష్టబులా వద్ద రైలు వంతెన కూలి బ్లిస్, ఆయన భార్య మరణించారు. ఆ సంగతిని తేదీతో చెప్పి ఊరుకో, దానిలో దైవసంకేతాలు వెదకవద్దు.

స్పాఫర్డ్ 1881లో కుటుంబంతో యెరూషలేముకు తరలివెళ్లి, అమెరికన్ కాలనీ అని పేరొందిన సమాజాన్ని స్థాపించి, 1888లో అక్కడే కన్నుమూయడం వేరే వ్యాసానికి తగిన విషయం, ఇక్కడ రెండు వాక్యాలు చాలు. పత్రిక గడువు దగ్గరపడి అన్నీ మార్చే వీలు లేకపోతే, ముందు కొడుకు సంగతి సరిదిద్ది, బ్లిస్ భాగాన్ని పెంచి, ఆ ప్రతిని నాకు పంపు.

నీ శ్రేయోభిలాషి