నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోతున్న నవలకు కోర్సు కావాలా?

తెనాలి నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి బీటెక్ మూడో ఏడు. రెండేళ్లలో మూడు నవలలు తెలుగులో మొదలుపెట్టింది, మూడూ నలభై యాభై పేజీల దగ్గర ఆపేసింది. నవలకు ప్లాన్ వేసుకోవడం, కథను నిలబెట్టడం నేర్చుకోవాలంటోంది. బీటెక్ అయ్యాక యూకేలో క్రియేటివ్ రైటింగ్ ఎంఏ చేస్తానంటోంది, కాదంటే ఇప్పుడే అరవై వేల ఆన్‌లైన్ కోర్సులో చేరతానంటోంది. "రెండింట్లో ఏది మంచిది సార్? ఏదీ పూర్తి చేయని పిల్ల మీద ఇంత డబ్బు పెట్టొచ్చా?" అని అడిగారు.

సార్, మీ అసలు భయం ఆ చివరి వాక్యంలో ఉంది కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. నవల రాస్తామంటూ నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది సరిగ్గా అక్కడే ఆగుతారు. మొదటి నలభై పేజీలు ఉత్సాహమే రాయించేస్తుంది: ఊరు, ఇల్లు, నలుగురు మనుషులు, వాళ్ల మధ్య ఒక గొడవ. ఆ గొడవ ఎటు పోవాలి, చివరికి ఎవరికి ఏం మిగలాలి అన్నది అనుకోకుండా మొదలుపెడితే అక్కడి నుంచి చెయ్యి ఆడదు. అది పట్టుదల లేకపోవడం కాదు. బ్యాంకులో హోమ్ లోన్లు చూస్తానని రాశారు, ప్లాన్ లేకుండా గోడలు లేపి స్లాబ్ దగ్గర ఆగిపోయిన ఇళ్లు మీరెన్నో చూసుంటారు. మీ అమ్మాయి మూడుసార్లు ఆగి, తనకు ఏది చేతకావడం లేదో తనే కనిపెట్టింది. ఇరవై ఏళ్లకి అది చిన్న విషయం కాదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. అంత పెద్ద ఉత్తరంలో ఫీజు ఉంది, ప్లేస్‌మెంట్లు ఉన్నాయి, చుట్టాలు ఏమంటారో కూడా ఉంది, ఆ మూడు నవలలు దేని గురించో ఒక్క ముక్క లేదు. మీరు చదవలేదు. చదవకుండానే "ఏదీ పూర్తి చేయని పిల్ల" అని ముద్ర వేసేశారు, ఆ మాట ఇంట్లో ఆమె ముందు కూడా అనే ఉంటారని నా అనుమానం. దయచేసి ఇక అనకండి.

ఇప్పుడు యూకే సంగతి. ఈ చదువులు బోగస్ ఏమీ కాదు. అమెరికాలో అయోవా యూనివర్సిటీ రచయితల వర్క్‌షాప్ 1936 నుంచి ఉంది, ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ ఎంఏ 1970లో మొదలైంది, మంచి రచయితలు అక్కడి నుంచి వచ్చారు. కానీ ఈమధ్య అందరూ దీన్నే మంత్రంలా పట్టుకోవడం చూస్తుంటే నాకు దిగులుగా ఉంది. అక్కడ చదువు నడిచేది వర్క్‌షాప్ మీద, అంటే ఒకరు కొన్ని పేజీలు ఇస్తే తరగతి అంతా చదివి చర్చిస్తారు. పదీ ఇరవై పేజీలు చూసి వాక్యం గురించి, సన్నివేశం గురించి బాగా చెప్పొచ్చు, మూడొందల పేజీల కథ రెండొందలో పేజీలో ఎందుకు కుంగిపోయిందో ఎలా చెప్తారు? పైగా మీ అమ్మాయి రాసేది తెలుగులో. అక్కడి తరగతికి ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వాలి. విదేశీ విద్యార్థికి ట్యూషన్ ఫీజు ఒక్కటే ఇరవై లక్షలు దాటే చోట్లు చాలా ఉన్నాయి, అప్పు చేసి వెళ్లిన పిల్ల తిరిగొచ్చాక నవల రాస్తుందా, ఈఎంఐ కడుతుందా? అమెరికాలో కొన్ని ఎంఎఫ్ఏలు, అంటే అక్కడి రచనా పీజీ కోర్సులు, ఫీజు మాఫీ చేసి పైన స్టైపెండ్ కూడా ఇస్తాయి, అవి మంచివే, సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఇక్కడ ఇగ్నోలో క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా చవకే గానీ అదీ తెలుగులో కాదు.

ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టేముందు ఒక్కటే అడగమనండి: నా నవల మొత్తం ఎవరైనా చదువుతారా? వీడియోలు, టెంప్లేట్లు మాత్రమే ఇస్తామంటే వద్దు.

మరి నేర్చుకోవడం ఎలా? తనకు బాగా నచ్చిన తెలుగు నవల ఒకటి తీసుకుని, నోట్‌బుక్‌లో ఒక్కో అధ్యాయానికి మూడు లైన్లు రాయమనండి: ఎవరి వైపు నుంచి చెప్పారు, అధ్యాయం మొదట్లో లేనిది చివరికి ఏం వచ్చింది, ఎక్కడ ఆపారు. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలైతే ఇంకా మంచిది, వచ్చే వారం పాఠకుడు మళ్లీ పత్రిక కొనాలి కాబట్టి ప్రతి భాగాన్నీ ఏదో ఒక ప్రశ్న మీద ఆపేవారు, ఆ పనితనం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒక నవల అలా విప్పి చూడడానికి నెల పడుతుంది. ఆ తర్వాత తన మూడింట్లో ఒకటి బయటికి తీసి ముందు ముగింపు రాసుకోవాలి, రేపు మారినా ఫరవాలేదు. సన్నివేశానికో చీటీ రాసి నేల మీద పరిచి, ఒక చీటీ తీసేస్తే తర్వాతి కథ నడవకుండా ఆగిపోతుందా అని చూడాలి. ఆగకపోతే తీసేసిన ఆ చీటీ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే. క్యాలెండర్ కూడా కావాలి: ఏ పాత్ర ఏ ఏడు పుట్టింది, ఏ నెలలో ఏం జరిగింది. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి సంప్రదాయం గల కుటుంబంలో పెళ్లిని తెలియకుండానే ఆషాఢంలో పెట్టేశాడు, ఆ పెళ్లి నెల తర్వాతకి జరిపితే వెనకున్న నాలుగు అధ్యాయాలు కదిలిపోయాయి. చీటీల మీద ఉండగా తెలిసుంటే పది నిమిషాల పని.

ప్లాన్ వేస్తే కథలో ప్రాణం పోతుందని కొందరు పిల్లలు భయపడతారు. పోదు, రాస్తూ రాస్తూ చీటీలు మార్చుకోవచ్చు.

ఉద్యోగం గురించి మీ టెన్షన్ నాకు అర్థమైంది. తెలుగులో నవల మీదే బతకడం కష్టం, అది దాచను. కథ నిర్మాణం తెలిసినవాళ్లకు టీవీ సీరియళ్లు, వెబ్ సిరీస్‌లు, ఆడియో కథల్లో పని ఉంటుంది. ఆడియో కథలు వందల ఎపిసోడ్లు సాగుతుంటే ముగించడం మర్చిపోతారేమోనన్నదే నా సందేహం. అందుకే బీటెక్ పూర్తి చేయనివ్వండి, ఉద్యోగం వస్తే చేరనివ్వండి, రోజుకో గంట, ఆదివారం పూట మూడు గంటలు చాలు. ఆమె జీవితం చెడిపోవడం లేదు సార్. నలభై పేజీలు మూడుసార్లు రాసిన పిల్ల నూట ఇరవై పేజీలు రాసినట్టే కదా.

ఈ ఆదివారం ఆ మూడింట్లో ఒకటి అడిగి చదవండి. తప్పులు దిద్దకండి, "తర్వాత ఏమవుతుందమ్మా?" అని మాత్రం అడగండి. యూకే అయినా అమెరికా అయినా దరఖాస్తుతో పాటు తను రాసిన పేజీలు పంపాలి కాబట్టి ఈ పని ఎలాగూ వృథా పోదు. చిత్తుప్రతి ఒకటి చివరిదాకా వచ్చాక మళ్లీ రాయండి, అప్పుడు ఫీజులు, స్కాలర్‌షిప్‌లు పక్కపక్కన పెట్టుకుని కూర్చుందాం.