గృహమంత్రి అంటే తప్పేంటి?

సందేహం: మేం బెంగళూరులో ఉంటామండి. ఇక్కడ కన్నడ పేపర్లలో గృహ సచివ, గృహ ఇలాఖె అని రాస్తారు, హిందీ వార్తల్లో కూడా గృహ్ మంత్రి అనే వింటాం. మా బాబు తెలుగులో ఏదో రాస్తూ "రాష్ట్ర గృహమంత్రి పోలీసు అధికారులతో మాట్లాడారు" అని రాశాడు. గుంటూరులో ఉండే మా నాన్నగారు చదివి, గృహమంత్రి అంటే ఇళ్లు కట్టించే మంత్రి అనుకుంటారమ్మా, హోం మంత్రి అని రాయించు అన్నారు. చక్కటి సంస్కృత పదం ఉండగా మనకి ఇంగ్లీషు ముక్క ఎందుకండీ? ఇంకోటి, హోం శాఖ అనాలా, హోం మంత్రిత్వ శాఖ అనాలా?

సమాధానం: మీ నాన్నగారి మాటే కరెక్టమ్మా. అలాగని బాబుని ఏమీ అనకండి, చుట్టూ రెండు భాషలు అదే మాట అంటుంటే పిల్లాడికి అదే తడుతుంది.

ముందు ఈ హోం ఎక్కడిదో చూద్దాం. 1782లో బ్రిటన్‌లో ఇద్దరు మంత్రుల మధ్య పని మళ్ళీ పంచారు, బయటి దేశాలతో వ్యవహారం ఒకరికి, దేశం లోపలి వ్యవహారం ఇంకొకరికి. ఆ లోపలి వ్యవహారం చూసేదే హోం ఆఫీస్ అయింది. అంటే అక్కడ హోం అంటే ఇల్లు కాదు, బయటిది కానిది, మన సొంత గడ్డ అని. హిస్టరీలో హోం చార్జీలు అని చదువుకున్నాం గుర్తుందా, ఇండియా డబ్బులోంచి బ్రిటన్‌లో అయ్యే ఖర్చులకి కట్టిందన్నమాట, అక్కడ హోం అంటే బ్రిటనే! మాట్లాడేవాడి దేశం ఏదైతే అదే వాడికి హోం. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటలో ఇల్లూ ఉంది, సొంత దేశమూ ఉంది.

ఈ మాటని మన దేశంలో ఒక్కో భాష ఒక్కోలా అర్థం చేసుకుంది. హిందీ, మరాఠీ, కన్నడ వాళ్లు ఇల్లు అనే అర్థం పట్టుకుని గృహ అన్నారు. తమిళంలో ఉళ్‌తుఱై అంటారు, లోపలి శాఖ అని, మలయాళంలో ఆభ్యంతర అంటారు, అదీ లోపలే. బెంగాలీ వాళ్లది నాకు చాలా ఇష్టం, స్వరాష్ట్ర మంత్రి అంటారు, రాష్ట్రం అంటే దేశం అనే పాత అర్థంలో, తన దేశపు మంత్రి అని. ఉర్దూలో వజీర్-ఎ-దాఖిలా, దాఖిలా అంటే లోపలిది. ఆ మాట మనకి పరాయిది కూడా కాదు, కోర్టులో పిటిషన్ దాఖలు చేశారు అంటాం కదా, ఆ దాఖలు కూడా లోపలికి పోవడం అనే ఆ అరబ్బీ ధాతువు నుంచి వచ్చిందే.

మరి తెలుగులో గృహ ఎందుకు కుదరలేదు? గృహప్రవేశం, గృహ రుణం, గృహనిర్మాణ శాఖ, గృహిణి, ఇలా ఏ మాట తీసుకున్నా గృహం అంటే నాలుగు గోడలు, పైకప్పు, అందులో సంసారం, అంతే. ఆ గడప దాటి ఊరినో దేశాన్నో చెప్పడానికి మనం ఆ మాట వాడలేదు. ఇంకో రుజువు చూడండి. ఇంగ్లీషులో డొమెస్టిక్ అనే మాట కూడా ఇంటికీ దేశానికీ రెండిటికీ చెల్లుతుంది, మనం మాత్రం ఒకచోట గృహ హింస అన్నాం, ఇంకోచోట దేశీయ విమానాలు అన్నాం, అంటే ఒక్క ఇంగ్లీషు మాటని చీల్చి రెండు మాటలు చేసుకున్నాం. కాబట్టి గృహమంత్రి అనగానే తెలుగువాడి బుర్ర ఇళ్ల పట్టాల వైపు వెళ్తుంది, పోలీసుల వైపు వెళ్ళదు. పోలీసు వ్యవహారంలో గృహ అనే మాట నిజంగా అతికేది గృహ నిర్బంధం దగ్గర, అక్కడ అక్షరాలా మనిషిని ఇంట్లోనే ఉంచుతారు కాబట్టి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చెప్పకపోతే నా సమాధానం సగమే అవుతుంది. గృహం దేశం దాకా వెళ్ళలేదు గానీ మన అచ్చ తెలుగు ఇల్లు వెళ్ళింది! ఇంటిగుట్టు లంకకు చేటు అంటాం కదా, విభీషణుడు బయటపెట్టింది ఏ వంటింటి గుట్టో కాదు, రాజ్యం గుట్టు. అక్కడ ఇల్లంటే లంక మొత్తం. ఇంటిదొంగ అన్నా అంతే, ఆఫీసులో డబ్బు కాజేసిన ఉద్యోగిని కూడా ఇంటిదొంగే అంటాం, అంటే లోపలివాడు అని. ఇంగ్లీషు హోంకి ఉన్న ఈ విశాలమైన అర్థం మన ఇంటికి ఉంది, సంస్కృతం నుంచి తెచ్చుకున్న గృహానికి లేదు. అచ్చ తెలుగు మాటకీ దాని సంస్కృత మాటకీ అర్థం ఒకటే అని నిఘంటువు చూసి అనుకుంటాం గానీ వాడుకలో రెండూ వేరు వేరు దారుల్లో పోతాయి. అలాగని ఇంటి శాఖ అంటే ఎవరికీ అర్థం కాదు, ఆ కాలం దాటిపోయింది.

పోనీ విదేశాంగ శాఖకి జోడీగా స్వదేశాంగ శాఖ అందామా అంటే కేంద్రానికి సరిపోతుందేమో గానీ రాష్ట్రానికి అతకదు, ఎందుకంటే రాష్ట్రానికి అసలు విదేశాంగ శాఖే ఉండదు. రాజ్యాంగం 7వ షెడ్యూలులో రాష్ట్ర జాబితా తీస్తే మొదటి రెండు అంశాలూ శాంతిభద్రతలు, పోలీసు. రాష్ట్రంలో హోం శాఖ అంటే జనానికి తెలిసింది పోలీసు, జైళ్లు, ఫైర్ సర్వీసు, ఇవే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వంగలపూడి అనిత గారు చూస్తున్నది హోం, విపత్తు నిర్వహణ రెండూ కలిపి. అక్కడ లోపల-బయట అనే తేడా ఎప్పుడో పోయింది, హోం అనేది ఒక పేరుగా మిగిలింది. పేరుని అనువదించాల్సిన పని లేదు. హోంగార్డు అంటే ఇంటికి కాపలా కాసేవాడు అని ఎవరైనా అనుకుంటున్నారా? అనుకోరు.

బలవంతంగా అనువదిస్తే ఏమవుతుందో మన కళ్ళ ముందే ఉంది. పోలీస్ స్టేషన్ మీద రక్షకభట నిలయం అని బోర్డు రాశారు. మాట తప్పేమీ కాదు, అందంగానే ఉంది, కానీ బైక్ పోయినవాడు రక్షకభట నిలయానికి వెళ్తున్నా అంటాడా, స్టేషన్‌కి వెళ్తున్నా అంటాడు, పేపర్ వాళ్లు ఠాణా అంటారు. అదే శాంతిభద్రతలు చూడండి, అదీ అనువాదమే, అయినా ఊళ్ళో గొడవ జరిగితే టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు కూడా ఆ మాట అనేస్తారు. నాకు అనువాదం మీద కోపం లేదమ్మా, జనం నోట నిలిచినదాన్ని నెత్తిన పెట్టుకుంటాను, నిలవనిదాన్ని పిల్లల చేత బట్టీ పట్టించకూడదనే నా బాధ.

మీ రెండో ప్రశ్న. కేంద్రంలో ఉన్నది మినిస్ట్రీ కాబట్టి కేంద్ర హోం మంత్రిత్వ శాఖ, రాష్ట్రంలో ఉన్నది డిపార్ట్‌మెంట్ కాబట్టి రాష్ట్ర హోం శాఖ. పేపర్లలో చోటు చాలక కేంద్ర హోం శాఖ అని కూడా రాస్తారు, దాన్ని తప్పనను, కానీ రాష్ట్ర హోం మంత్రిత్వ శాఖ అని మాత్రం రాయొద్దు. ఆడవాళ్లు ఆ పదవిలో ఉన్నా హోం మంత్రే, 2009లో సబితా ఇంద్రారెడ్డి గారు ఉమ్మడి రాష్ట్రంలో ఆ బాధ్యత తీసుకున్నప్పుడూ అదే మాట, మంత్రిణి అనక్కర్లేదు.

బాబుకి ఇంకొక్కటి చెప్పండి. హోం చివర సున్నా ఉంది కదా అని పుస్తకం-పుస్తకాలు, పుస్తకానికి లాగా దీన్ని మార్చడం కుదరదు. స్టేడియం, ఫారం లాంటివి చివర 'అం' ఉండబట్టి స్టేడియాలు, ఫారాలు అయిపోయాయి. హోంలో సున్నాకి ముందున్నది ఓకారం, అందుకే అది రూం, టీం జట్టులోకి వెళ్ళి హోంకి, హోంలో అనే ఉంటుంది. హోమానికి అని రాశాడంటే అది యజ్ఞానికి పోతుంది.